పెరటి ముచ్చట్లు: పేరు తెలియని మొక్క



ఈసారి బెండ గింజలు నాటే ముచ్చట చెబుతానని అనుకున్నాను. కానీ దాన్ని కాస్త పక్కన పెట్టండి. శ్రావణమాసంలో మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది మీకు చెప్పేదాకా నా మనసు నిమ్మళంగా ఉండదు.

మాది ఆత్మకూర్. ఒకప్పటి సంస్థానం ఊరు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016లో జిల్లాలు విడదీసినప్పుడు వనపర్తి జిల్లాలోకి వచ్చింది. జూరాల ప్రాజెక్టు మాకు దగ్గరే. మా ఇంటి వెనక ఒక గుంట జాగా ఉంది. అందులోనే కరివేపాకు చెట్టు, మునగ చెట్టు, బచ్చలి పాదు, పుంటికూర మడి. అంట్లు తోమే జాలారు దగ్గర నీళ్ళు పారే మూల ఒకటి ఉంది. ఆ మూల ఏం వేసినా ఏపుగా వస్తుంది. ఏమీ వేయకపోయినా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది.

ఎండాకాలంలో ఊరి నుంచి రెండు బండ్ల పెంట ఎరువు తెప్పించి చల్లాను. వానలు పడగానే ఆ ఎరువులో ఉన్న గింజలన్నీ లేచాయి. గంగవాయిలి, దొగ్గలి, తుమ్మి గుర్తుపట్టాను. ఒక మొక్క మాత్రం అర్థం కాలేదు. మోకాలెత్తు పెరిగింది. మిరప మొక్కలాగే ఉంది కానీ మిరప కాదు. టమాటలాగే ఉంది కానీ టమాట వాసన లేదు. చిన్న చిన్న తెల్లపూలు, మధ్యలో పసుపు ముక్కు. తరువాత గుత్తులు గుత్తులుగా బఠాణీ గింజంత పచ్చికాయలు. చూడముచ్చటగా ఉందని పీకకుండా వదిలేశాను. అదే నేను చేసిన తప్పు.

బుడ్డ టమాటలు

మా మరిదిగారి అబ్బాయికి నాలుగేళ్ళు. నన్ను పెద్దమ్మా అంటాడు. వాళ్ళమ్మ అంగన్‌వాడీ మీటింగుకు పోయిన రోజు నా దగ్గరే ఉన్నాడు. నేను పిండి కలుపుతున్నాను, వాడు వెనక ఆడుకుంటున్నాడు. సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. రాత్రి అన్నం వద్దన్నాడు. కడుపు పట్టుకున్నాడు. తొమ్మిది గంటలకు ఒక వాంతి, కాసేపటికి ఇంకొకటి. రెండో వాంతిలో చిన్న చిన్న పచ్చటి తొక్కలు కనబడ్డాయి.

"ఏం తిన్నవ్ రా నాన్నా?" అని అడిగితే, "బుడ్డ టమాటలు తిన్న పెద్దమ్మా" అన్నాడు.

నా కాళ్ళ కింద భూమి కదిలిపోయింది. టార్చిలైటు పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. ఆ మొక్కకు కింది గుత్తులన్నీ ఖాళీ. మా మరిది బండి తీశాడు. మా ఆయన ఆ మొక్కను వేళ్ళతో సహా పీకి ప్లాస్టిక్ కవర్లో వేసుకున్నారు. ఆ తొందరలో ఆయనకు ఆ ఆలోచన ఎలా వచ్చిందో గానీ, అదే మంచిదైంది.

ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఏ మొక్క?" నేను నోరు తెరవలేకపోయాను. నా పెరట్లో, నేను నీళ్ళు పోసి పెంచిన మొక్క. దాని పేరు నాకు తెలియదు.

ఆయన ముందు పిల్లవాడి కళ్ళలో లైటు వేసి చూశారు. నోరు తడిగా ఉందా, ఒళ్ళు ఎర్రబారిందా, మాట తడబడుతోందా అని చూశారు. తరువాత కవరులో మొక్కను తిప్పి తిప్పి చూశారు. "ఉమ్మెత్త అయితే కంటి నల్లగుడ్డు పెద్దదైపోతుందమ్మా, నోరు ఎండిపోతుంది, పిచ్చి మాటలు మాట్లాడుతారు. ఇది అలా లేదు. అయినా రాత్రంతా ఇక్కడే ఉండనివ్వండి" అన్నారు. సెలైను పెట్టారు. అర్ధరాత్రి దాటాక వాంతులు ఆగాయి. తెల్లారేసరికి వాడు ఇడ్లీ కావాలన్నాడు. ఆ మాట విన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

పెద్దవ్వ చెప్పిన పేరు

పొద్దున్నే పక్క మంచం దగ్గర ఒక పెద్దవ్వ కూర్చుని ఉంది. కోడలి కాన్పుకు వచ్చిందట. మా మంచం కింద ఉన్న కవరు చూసి, "ఏంది బిడ్డా, కామంచి చెట్టు దవాఖానకు ఎందుకు తెచ్చిన్రు?" అంది.

నేను జరిగింది చెప్పాను. ఆ అవ్వ చేత్తో నుదురు కొట్టుకుంది. "పచ్చికాయ తిన్నడా? అయ్యో. నల్లగ మాగిన పండ్లైతే మేం చిన్నప్పుడు కలుపుకు పోయి కొంగు నిండ తెంపుకుని తింటుంటిమి. పచ్చివి ముట్టనిస్తుండెనా మా అవ్వ? వీపు పగులుతుండె" అంది.

బడి మొగం చూడని ఆ పెద్దవ్వ దూరం నుంచి చూసి చెప్పింది. మరి నేను? ఇంటర్మీడియట్ బైపీసీ చదివాను. బోటనీలో వంకాయ, టమాట, మిరప, ఉమ్మెత్త, పొగాకు అన్నీ సొలనేసి అనే ఒకే కుటుంబం అని చదువుకుని, ఆ పువ్వు బొమ్మ గీసి, రంగులు వేసి రికార్డు పుస్తకం మీద సంతకం పెట్టించుకున్నదాన్ని. అయిదు రేకులు, అయిదు కేసరాలు, కాయ ముదిరినా రాలిపోకుండా అంటుకుని ఉండే తొడిమ కిరీటం. ఇవన్నీ ఆ మొక్కకు ఉన్నాయి. రోజూ కళ్ళెదుట ఉన్నా నాకు తట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా అత్తమ్మ రెండేళ్ళ క్రితం పోయింది. ఆమెకు చేనులోని ప్రతి ఆకు తెలుసు. ఆమె వానాకాలంలో కొంగులో ఏవేవో ఆకులు తెచ్చి పప్పులో వేస్తే మేం లొట్టలేసుకుని తిన్నాం. "ఇదేమిటి అత్తమ్మా?" అని ఒక్కనాడైనా అడిగి రాసుకున్నానా? లేదు. ఆమె ఉంటే ఆ మూల మొక్కను చూసి ఒక్క మాటలో చెప్పేది. ఆమెతోపాటు ఆ పేర్లు కూడా పోయాయి కదా అని ఆస్పత్రి వరండాలో కూర్చుని అనుకున్నాను.

విషమా, మందా?

మా పెద్దవాడు హైదరాబాదులో చదువుతున్నాడు. ఫోటో పంపితే వాడు ఫోన్‌లో మొక్కలు గుర్తుపట్టే యాప్‌లో పెట్టి, "అమ్మా, నైట్‌షేడ్ అంటోంది. ప్రాణం తీసే విషం. పెరడంతా తవ్వి పారేయ్" అన్నాడు. పెద్దవ్వేమో కడుపునిండా తిన్నానంటోంది. ఎవరి మాట నమ్మాలి?

మా అమ్మాయి కాలేజీలో బోటనీ చెప్పే మేడంగారికి ఆ మొక్కను చూపించాం. ఆమె విడమరిచి చెప్పారు. నైట్‌షేడ్ అనే పేరుతో రెండు వేరు వేరు మొక్కలు ఉన్నాయి. ఒకటి బెల్లడోనా. అది నిజంగానే ప్రాణాంతకం. యూరప్‌లో పెరుగుతుంది, మన దేశంలో దాని దగ్గరి చుట్టం హిమాలయాల వైపు చల్లటి కొండల్లో ఉంటుంది. మన పాలమూరు ఎండలకు అది బతకదు. దాని పువ్వు గంటలాగా, ఊదారంగులో ఉంటుంది. పండు ఒంటరిగా, పెద్ద నక్షత్రంలాంటి తొడిమ మీద కూర్చుని ఉంటుంది.

రెండోది మన కామంచి. పువ్వు చిన్నది, తెల్లనిది. కాయలు నాలుగైదు కలిసి ఒక గొడుగు పుల్లలాగా కిందికి వేలాడుతాయి. పండితే నల్లగా నిగనిగలాడుతాయి, కొన్ని రకాల్లో ఎర్రగా ఉంటాయి. శాస్త్రం పేరు సొలానం నైగ్రమ్. సంస్కృతంలో కాకమాచి, హిందీలో మకోయ్. తమిళనాడులో మణత్తక్కాళి అని దీన్ని మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతారు. నోటి పూతకు, కడుపులో మంటకు మంచిదని అక్కడి ఆడవాళ్ళు పప్పులో వేసి పెడతారు. ఆఫ్రికాలో కెన్యా దేశంలో ఈ జాతి ఆకు రోజువారీ కూర.

మరి మా పిల్లవాడికి వాంతులు ఎందుకయ్యాయి? దీని పచ్చికాయల్లో సొలనిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. మొలకెత్తిన, పచ్చబారిన ఆలుగడ్డలో ఉండేది కూడా అదే. కాయ పండేకొద్దీ అది తగ్గిపోతుంది. ఆకులో కొంచెం ఉంటుంది, ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే చాలావరకు పోతుంది. రకాన్నిబట్టి, నేలనుబట్టి కూడా ఎక్కువ తక్కువలు ఉంటాయి. కాబట్టి మా అబ్బాయి చెప్పింది సగం నిజం, పెద్దవ్వ చెప్పింది మిగతా సగం. ఒకే మొక్క, ఒక పూట విషం, ఇంకో పూట కూర.

ఈ తగాదా మనకే కాదు, అమెరికాలోనూ జరిగిందట. 1909లో లూథర్ బర్బాంక్ అనే పేరున్న మొక్కల నిపుణుడు తాను సృష్టించిన కొత్త పండు అని ఒకదాన్ని బయటపెట్టాడు. వండర్‌బెర్రీ అని దాని గింజలు అమ్మారు. ఒక వ్యవసాయ పత్రిక సంపాదకుడు, ఇది కొత్తదీ కాదు వింతా కాదు, కామంచి కలుపు మొక్కే అని పత్రికలో దుమ్మెత్తి పోశాడు. అంత చదువుకున్నవాళ్ళకే ఈ మొక్క దగ్గర మాట కలవలేదంటే మన సంగతి చెప్పేదేముంది!

ఒక్కలాగే కనబడే జంటలు

ఈ గొడవ అయ్యాక నేను పెరట్లో ఒక్కొక్క ఆకునూ అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, మనం తినే ప్రతి ఆకుకూరకూ పోలికలున్న దొంగ చుట్టం ఒకటి పక్కనే ఉంటుందని.

గంగవాయిలి కూర మనందరికీ తెలుసు. దాని పక్కనే నేలమీద పరుచుకుని నానబాలు జాతి మొక్కలు పెరుగుతాయి. వాటి కాడ కూడా ఎర్రగానే ఉంటుంది. కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే అది నానబాలు, తినేది కాదు. గంగవాయిలికి పాలు రావు, నీరు మాత్రమే ఉంటుంది. ఆకు దళసరిగా, నున్నగా ఉంటుంది. పువ్వు పసుపు పచ్చగా, ఎండ ఎక్కాక విచ్చుకుంటుంది.

గంగవాయిలిని పోలిందే గలిజేరు ఒకటి. దాని ఆకులు జంటగా వస్తాయి, జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పూలు తెల్లగానో లేత గులాబీగానో ఉంటాయి. ఇక్కడ ఇంకో చిక్కు. ఒక ఊళ్ళో గలిజేరు అన్నదాన్ని ఇంకో ఊళ్ళో అటికమామిడి అంటారు. ఒకే పేరు రెండు మొక్కలకు, ఒకే మొక్కకు నాలుగు పేర్లు. అందుకే ఎవరైనా ఫలానా ఆకు తింటే మంచిదట అని చెబితే, పేరు విని తెచ్చుకోవద్దు. మొక్కను చూసి తెచ్చుకోండి.

అన్నిటికంటే భయపడాల్సింది ఉమ్మెత్తకే. పెద్ద మొక్కను ఎవరైనా గుర్తుపడతారు. బూరలాంటి పువ్వు, ముళ్ళ కాయ. కానీ నాలుగాకుల మొక్కగా ఉన్నప్పుడు కామంచికీ, వంగ నారుకూ, దానికీ తేడా కనుక్కోవడం కష్టం. ఆకు నలిపితే కొంచెం రోత వాసన వస్తుంది, అంతే. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాలో దుకాణాల్లో అమ్మిన లేత పాలకూర పొట్లాల్లో ఉమ్మెత్త జాతి కలుపు ఆకు కలిసిపోయి, వందమందికి పైగా జనానికి కళ్ళు మసకబారడం, లేనివి కనబడటంలాంటి బాధలు వచ్చాయి, వాళ్ళలో కొందరు ఆస్పత్రుల పాలయ్యారు. మిషన్లతో కడిగి పొట్లం కట్టే చోటే ఇలా జరిగితే, మసక వెలుతురులో గబగబా ఆకు తుంచుకొచ్చే మన సంగతి ఏమిటి?

పిల్లలున్న ఇళ్ళకు ఇంకొన్ని చెబుతాను. అడవి ఆముదం గింజలు జీడిపప్పులాగా కమ్మగా ఉంటాయి. బడి కంచెల దగ్గర పిల్లలు అవి తిని గుంపులుగా వాంతులు చేసుకున్న వార్తలు పేపర్లో ఎన్నోసార్లు చూశాం. ఎర్రగా ముద్దొచ్చే గురివింద గింజ నమిలితే ప్రమాదం. గన్నేరు ఆకు నుంచి వేరు దాకా విషమే. ఇవి మన వాకిట్లో ఉంటే పీకేయమని కాదు, పిల్లలకు పేరు పెట్టి చూపించండి.

తప్పుడు పరీక్షలు

మన పెద్దలు చెప్పినవన్నీ నిజం కాదు, కొన్నిటి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

"మేక తింటే మనమూ తినొచ్చు" అంటారు. మేకకు అరిగేది మనకు అరగదు. "పిట్టలు కొరికిన పండుకు భయం లేదు" అంటారు. పిట్ట కడుపు వేరు, మన కడుపు వేరు. "చీమలు పడితే విషం కాదు" అన్నది ఉత్త మాట. "బాగా ఉడికిస్తే ఏ విషమైనా పోతుంది" అన్నది అన్నిటికంటే ప్రమాదం. కామంచి ఆకు ఉడికిస్తే మంచిదవుతుంది కానీ, ఉమ్మెత్త ఆకును గంటసేపు ఉడికించినా దాని విషం పోదు. "చేదుగా ఉంటే విషం, తియ్యగా ఉంటే మంచిది" అన్నదీ అంతే. కాకరకాయ చేదే కదా! అడవి ఆముదం గింజ కమ్మగా ఉంటుంది కదా!

నేను ఇప్పుడు పాటిస్తున్నవి

1. తెలియని మొక్క పూసి, కాసేదాకా తినే ఆలోచన పెట్టుకోను. ఆకు ఒక్కటే చూసి పేరు చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. పిల్లలు తిరిగే చోట అయితే పెరగనివ్వను, పక్కకు కుండీలోకి మారుస్తాను.

2. ఆకు, కాడ, పువ్వు, కాయ, వేరు అయిదూ చూస్తాను. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? కాడ తుంచితే పాలు వస్తున్నాయా? నలిపితే వాసన ఎలా ఉంది? చూశాక చేతులు సబ్బుతో కడుక్కుంటాను. జిల్లేడు పాలలాంటివి కంట్లో పడితే చూపుకే ముప్పు.

3. మూడు సాక్ష్యాలు కలిస్తేనే ఒప్పుకుంటాను. ఊళ్ళో ఆ ఆకును వండి తిన్న పెద్దావిడ ఒకరు, బొమ్మలున్న పుస్తకమో ఫోనో ఒకటి, చదువుకున్నవాళ్ళు ఒకరు. మాకు దగ్గర్లో మదనాపురంలోనూ, పాలెంలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. మీ జిల్లాలోనూ ఉంటాయి. మొక్కను వేరుతో సహా పట్టుకుపోయి అడగవచ్చు. మూడింటిలో ఒక్కటి కాదన్నా ఆ మొక్క పొయ్యి దాకా రాదు.

4. ఫోన్ చెప్పిన పేరు ఒక్కటే నమ్మను. అది పేరు వెతుక్కోవడానికి దారి మాత్రమే.

5. మంచి ఆకే అయినా మురుగు కాలువ పక్కన, రోడ్డు పక్కన, మందు కొట్టిన పత్తి చేను గట్టున పెరిగితే తెంపను.

6. మొదటిసారి వండితే పెద్దవాళ్ళం రెండు ముద్దలు మాత్రం తిని, ఒక రోజు ఆగుతాం. చిన్నపిల్లలకు, గర్భిణులకు పెట్టను. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు గంగవాయిలి, పాలకూరలాంటివి తగ్గించుకోవడం మంచిది.

7. ఎవరైనా తెలియనిది తింటే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, నోట్లో వేలు పెట్టడం వద్దు. నోరు కడిగించి, 108కి ఫోన్ చేయండి, లేదా ఉన్న బండి మీద ఆస్పత్రికి పొండి. ఆ మొక్కను వేరు, ఆకు, కాయలతో వెంట తీసుకుపోండి. ఎంత తిన్నారు, ఎప్పుడు తిన్నారు అన్నది గుర్తుంచుకోండి. బాగానే ఉన్నాడు కదా అని తెల్లారేదాకా ఆగవద్దు. కొన్ని విషాలు నాలుగైదు గంటల తరువాత గానీ బయటపడవు.

ఈ చదువు ఎవరి దగ్గరుంది?

మన తెలంగాణలో ఎవరూ విత్తకుండా, నీళ్ళు పోయకుండా వచ్చే కూరలు ఎన్ని ఉన్నాయో! చెంచలి, తుమ్మి, దొగ్గలి, గంగవాయిలి, పొన్నగంటి. బతుకమ్మకు పేర్చే గునుగు పువ్వు మనందరికీ తెలుసు. ఆ గునుగు లేతగా ఉన్నప్పుడు కూర వండుకుంటారని ఎంతమందికి తెలుసు? నాకు మొన్ననే తెలిసింది.

ఇవి ఎవరికి తెలుసు? ఎండలో వంగి కలుపు తీసిన ఆడవాళ్ళకు తెలుసు. కూలికి పోయి, సాయంత్రం ఇంటికొస్తూ కొంగులో కూర తెచ్చుకున్నవాళ్ళకు తెలుసు. కరువు కాలంలో పిల్లల కడుపు నింపినవాళ్ళకు తెలుసు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. అందులోని మహిళా సంఘాల్లో ఎక్కువమంది చదువుకోని దళిత స్త్రీలు. జొన్న, కొర్ర, పాత విత్తనాలతో పాటు ఈ సాగు చేయని ఆకుకూరల పేర్లు, వాడుక కూడా వాళ్ళు కాపాడుకుంటూ వచ్చారు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మనం కలుపు అని పీకి పారేసినదాన్ని వాళ్ళు కూర అన్నారు.

ఇప్పుడు కలుపు తీసే మనుషులు దొరకడం లేదని చేలల్లో గడ్డిమందు కొడుతున్నారు. గడ్డితోపాటు ఈ కూరలూ మాడిపోతున్నాయి. మొక్క కనబడకపోతే పిల్లకు చూపించేదెట్లా? చూపించకపోతే ఆ పిల్లకు తెలిసేదెట్లా? అటు తినే ఆకు పోతోంది, ఇటు తినకూడని ఆకు ఏదో చెప్పే మనిషీ పోతోంది. రెండోదే నాకు ఎక్కువ భయం.

అందుకని ఒక పని మొదలుపెట్టాను. పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీశాను. దొరికిన మొక్కనల్లా పాత పేపర్ల మధ్య పెట్టి, మీద పచ్చడిబండ బరువు పెట్టి వారం రోజులు ఆరబెడతాను. ఆరాక నోటుబుక్కులో అంటిస్తాను. పక్కన పేరు, ఎవరు చెప్పారు, ఎక్కడ దొరికింది, పువ్వు రంగు, తినేదా కాదా అని రాస్తాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి. మొదటి పేజీలో కామంచి ఉంది. పక్కన "ఆస్పత్రిలో పెద్దవ్వ చెప్పింది" అని రాశాను. మా మరిది కొడుకు ఆ పేజీ తీసి, "ఇది నేను తిన్న చెట్టు. పచ్చివి తినొద్దు, నల్లవి కూడా పెద్దమ్మను అడిగి తినాలె" అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెబుతున్నాడు!

కామంచి ఆకు పెసరపప్పు

ఇంత కథ చెప్పి వంట చెప్పకపోతే మీరు ఊరుకోరు. మూడు సాక్ష్యాలు కలిసాకే మా ఇంట్లో ఇది వండాను. మీ మొక్క కామంచే అని నిర్ధారణ అయితేనే చేయండి.

కావలసినవి: లేత కామంచి ఆకు 2 గుప్పెళ్ళు (కాయలు, ముదురు కాడలు లేకుండా ఏరినది), పెసరపప్పు అర కప్పు, ఉల్లిగడ్డ 1, పచ్చిమిరపకాయలు 3, ఎల్లిపాయ 6 రెబ్బలు, చింతపండు ఉసిరికాయంత, పసుపు చిటికెడు, ఉప్పు తగినంత. పోపుకు నూనె 2 చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు 2, కరివేపాకు.

తయారుచేసే విధానం: ఆకును ఒక్కొక్కటిగా చూస్తూ ఏరుకోవాలి. వేరే ఆకు ఒక్కటి కూడా కలవకూడదు. పచ్చికాయ ఒక్కటి కూడా ఉండకూడదు. రెండు మూడు నీళ్ళలో కడిగి, మరిగే నీళ్ళలో వేసి పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. పెసరపప్పు విడిగా మెత్తగా ఉడికించుకోవాలి. గిన్నెలో నూనె వేడి చేసి పోపు వేయాలి. దంచిన ఎల్లిపాయ, ఉల్లిముక్కలు, పచ్చిమిర్చి వేసి వేగనివ్వాలి. తరువాత ఆకు, పసుపు వేసి అయిదు నిమిషాలు మగ్గించి, పప్పు, చింతపండు పులుసు, ఉప్పు వేసి ఇంకో అయిదు నిమిషాలు ఉడకనిచ్చి దించుకోవాలి. కొంచెం చిరుచేదు ఉంటుంది. జొన్నరొట్టెలోకి చాలా బాగుంటుంది.

ఇక నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. మీ అమ్మమ్మో, నాన్నమ్మో, అత్తమ్మో, మీ ఇంట్లో పనికి వచ్చే పెద్దావిడో ఉంటే, ఈ వారం ఒక్క పూట ఆమెను పెరట్లోకి పిలిచి, "ఇదేమిటమ్మా? తినేదా? ఏ కాలంలో? ఎలా వండాలి? ఏం చూసి గుర్తుపట్టాలి?" అని అడగండి. రాసుకోండి. నేను అడగక పోగొట్టుకున్నాను, మీరు అలా చేయకండి.

మీ ఊళ్ళో కామంచిని ఏమంటారో, మీ అత్తమ్మ ఏ ఏ ఆకులు వండేదో నాకు ఉత్తరం రాయండి. నా నోటుబుక్కులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. బెండ గింజల ముచ్చట వచ్చేవారం తప్పకుండా చెబుతాను.

ఉంటాను మరి.